గుండె ఆపరేషన్ తర్వాత నీరసం: టానిక్కులు, పొడులు, బలం మాత్రల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో బైపాసో, వాల్వు మార్పిడో చేయించుకొని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఇళ్లకు చేరిన వారి కుటుంబాలు పదే పదే అడిగే ప్రశ్నలివి. ఇక్కడి ఏ జవాబూ మీ డాక్టరు రాసిచ్చిన చీటీకి బదులు కాదు. ఆ చీటీని, డిశ్చార్జ్ కాగితాలను దగ్గర పెట్టుకొని చదివితే మేలు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మరి మా నాన్నగారికి ఇంత నీరసం ఎందుకు?

ఛాతీ మధ్య ఎముకను కోసి, చాలాసార్లు గుండెను కాసేపు ఆపి, రక్తాన్ని యంత్రంలో తిప్పి చేసే ఆపరేషన్ ఇది. ఆ ఎముక అతుక్కోవడానికే 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడటానికి దాదాపు 3 నెలలు పడుతుంది. ఆ పనికి ఒంట్లో శక్తి బాగా ఖర్చవుతుంది. పోయిన రక్తం తిరిగి ఊరాలి. మంచం మీద గడిపిన రోజుల్లో కాళ్ల కండలు కరుగుతాయి. నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. కొత్త మాత్రలు కూడా మొదలవుతాయి.

కాబట్టి మొదటి నెలన్నరలో స్నానం చేసి వచ్చి మళ్లీ పడుకోవాలనిపించడం వింతేమీ కాదు. మీరు గమనించాల్సింది నీరసం ఉందా లేదా అని కాదు, గత వారంతో పోలిస్తే ఈ వారం తగ్గిందా అని. వారం వారం కొంచెమైనా మెరుగుపడుతుంటే తొందర అక్కర్లేదు. ఉన్నచోటే ఆగిపోయినా, తగ్గి మళ్లీ పెరిగినా కారణం వెతకాలి. వయసు మళ్లినవారికి, షుగరు ఉన్నవారికి 3 నెలలు దాటినా ఆశ్చర్యపోకండి.

నీరసం తగ్గడానికి ఏ టానిక్ మంచిది?

గుండె ఆపరేషన్ తర్వాతి నీరసాన్ని అందరికీ తగ్గిస్తుందని గట్టిగా రుజువైన టానిక్ ఒక్కటీ లేదు. మెడికల్ షాపు అద్దాల వెనక ఎన్ని రంగుల సీసాలు కనిపించినా ఈ మాట మారదు. ఉన్నదల్లా ఫలానా లోపానికి ఫలానా మందు. ఇనుము తక్కువైతే ఇనుము, బి12 తక్కువైతే బి12. లోపం లేనివారికి అదే మాత్ర బలమివ్వదు. ఒక్కోసారి హాని కూడా చేస్తుంది.

అందుకే షాపుకు వెళ్లే ముందు రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి, థైరాయిడ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), సోడియం, పొటాషియం, షుగరు. ఈ జాబితాలో మీకు ఏవి అవసరమో డాక్టరు చెబుతారు. ఒక డబ్బా పొడికి పెట్టే డబ్బుతో వీటిలో కొన్నైనా అయిపోతాయి. పొడి ఒక నెలలో ఖాళీ అవుతుంది, రిపోర్టు మాత్రం ఏం చేయాలో చెబుతుంది.

రక్తం తక్కువగా ఉందన్నారు. ఐరన్ మాత్రలు మేమే మొదలుపెట్టవచ్చా?

అడగకుండా మొదలుపెట్టకండి. హిమోగ్లోబిన్ మగవారిలో 13 కంటే, ఆడవారిలో 12 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. ఆపరేషన్ తర్వాత ఇది చాలామందిలో ఉంటుంది. కానీ రక్తహీనత అంతా ఇనుము లోపం కాదు. ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాల్లో సికిల్ సెల్ ఉండవచ్చు. మరికొందరిలో తలసేమియా ఛాయ ఉండవచ్చు (ఈ రెండూ వంశపారంపర్యంగా వచ్చే రక్తలోపాలు), మూత్రపిండాల జబ్బు వల్ల రక్తం తగ్గి ఉండవచ్చు. వీటన్నింటికీ ఐరన్ మాత్ర జవాబు కాదు.

ఇంకో చిక్కు ఉంది. ఆపరేషన్ తర్వాత శరీరం లోపల వాపు స్థితి (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నన్నాళ్లూ కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగుల నుంచి ఇనుము రక్తంలోకి వెళ్లకుండా అడ్డుపడుతుంది. ఇదే వాపు వల్ల ఫెరిటిన్ కూడా ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి రిపోర్టులో ఫెరిటిన్ 'నార్మల్' అని ఉన్నా ఇనుము లోపం ఉండవచ్చు. రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం కంటే తక్కువగా ఉందేమో కూడా చూడాలి. గుండె పంపింగ్ బలహీనంగా ఉన్న 225 మందిపై జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. నోటి ద్వారా 16 వారాలు ఐరన్ ఇచ్చినా వారి శ్రమించే శక్తి పెరగలేదు. అలాంటివారికి డాక్టర్లు నరం ద్వారా ఐరన్ ఇవ్వడానికి ఒక కారణం ఇదే.

డాక్టరు మాత్రలే రాస్తే ఇలా వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వద్దు. నిమ్మరసమో, జామకాయో, ఉసిరికాయో తోడైతే మంచిది. చాలామందికి రోజు విడిచి రోజు వేసుకున్నా ఇనుము బాగానే ఒంటబడుతుంది, కడుపు ఉబ్బరం కూడా తగ్గుతుంది. మీకు ఆ పద్ధతి కుదురుతుందేమో అడగండి. థైరాయిడ్ మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య 4 గంటల ఎడం ఉండాలి.

ఐరన్ వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. అది మామూలే. అయితే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవారిలో కడుపులో రక్తస్రావమైనా మలం నల్లగానే వస్తుంది. తారులా జిగురుగా, దుర్వాసనతో ఉంటే, కళ్లు తిరుగుతుంటే 'ఐరన్ వల్లే' అని సరిపెట్టుకోకండి.

వాల్వు మార్చిన తర్వాత రక్తం పలచబరిచే మాత్ర వాడే ఆడవారిలో నెలసరి ఎక్కువై ఇనుము తగ్గిపోవడం తరచుగా జరుగుతుంది. కీళ్లవాత జ్వరం వల్ల వాల్వు చెడి చిన్న వయసులోనే ఆపరేషన్ అయినవారు ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి మొహమాటపడతారు. డాక్టరుతోనైనా చెప్పండి. నీరసానికి మూలం అక్కడ ఉంటే ఎన్ని టానిక్కులు తాగినా తీరదు.

ఊళ్లో ఒక సెలైన్ ఎక్కించుకుంటే బలం వస్తుందంటారు. ఎక్కించుకోవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటామంటే దీన్ని గుర్తుంచుకోండి.

అర లీటరు సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దలు రోజంతా తినే తిండిలో ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే దాదాపు ఒక రోజు ఉప్పు, దానితోపాటు అర లీటరు నీరు, ఒక గంటలో నేరుగా నరంలోకి వెళ్తాయి. పంపింగ్ తగ్గిన గుండె అంత నీటిని తోడలేదు. ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి రాత్రికి ఆయాసం మొదలవుతుంది. గ్లూకోజ్ సీసా అయితే షుగరు కూడా పెరుగుతుంది. అందులో ఉండే శక్తి ఎంతని చూస్తే, 5 శాతం గ్లూకోజ్ అర లీటరులో 25 గ్రాముల చక్కెర, అంటే సుమారు 100 కేలరీలు. రెండు అరటిపండ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది.

సెలైన్‌లో పసుపు రంగు మందు కలిపి 'బలం ఇంజక్షన్' అంటారు. అది సాధారణంగా బి విటమిన్ల మిశ్రమం. రంగు చూసి నమ్మకం కలగడం సహజమే, కానీ ఎక్కువైన భాగం మర్నాడు మూత్రంలో పసుపుగా పోతుంది. మీ ఊరి గ్రామీణ వైద్యుడు మంచివారే కావచ్చు, అర్ధరాత్రి పిలిచినా వచ్చేవారే కావచ్చు. ఆయనకు డిశ్చార్జ్ కాగితం చూపించి 'ఇది గుండె కేసు, నరంలోకి ఏదీ ఎక్కించవద్దు' అని ముందే చెప్పి ఉంచండి. వాంతులు, విరేచనాలు ఎక్కువైతే మాత్రం సెలైన్ అవసరం రావచ్చు, అప్పుడు ఆసుపత్రిలోనే ఎక్కించుకోవాలి.

వాడే మాత్రల వల్లే నీరసం వస్తుందా?

రావచ్చు. మెటోప్రొలోల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, వాటితో కొందరికి ఒళ్లు బరువెక్కుతుంది. నీరు పోయే మాత్రల వల్ల పొటాషియం, మెగ్నీషియం, సోడియం తగ్గి కాళ్లు లాగుతాయి. కొలెస్ట్రాల్ మాత్రతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ థైరాయిడ్‌ను పాడుచేయవచ్చు. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్, కడుపులో యాసిడ్‌కు ఇచ్చే పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు.

అలాగని మాత్ర మానేయకండి. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపడం నీరసం కన్నా ప్రమాదకరం. నాడి, బీపీ ఇంట్లో రోజూ రాసిపెట్టుకొని ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే మోతాదు మార్చడమో, వేళ మార్చడమో ఆయనే చేస్తారు.

ప్రొటీన్ పొడి కొనాలా?

కొనే ముందు కంచంలో ఏముందో చూడండి. కోలుకునే రోజుల్లో సాధారణంగా కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు ప్రొటీన్ సూచిస్తారు. 50 కిలోల మనిషికి 60 గ్రాములైనా కావాలి. మన ఇళ్లలో ఆపరేషన్ అయినవారికి పెట్టేది ఏమిటి? పలచటి చారు, మెత్తటి అన్నం, రెండు ఇడ్లీలు. గుడ్డు వేడి అని, చేప తింటే పుండు చీము పడుతుందని, పప్పు వాతమని, పెరుగు నెమ్మని ఒక్కొక్కటే మానిపిస్తారు. నెల తిరిగేసరికి మనిషి చిక్కిపోతాడు, అప్పుడు పొడి కోసం పరుగెడతారు. ప్రేమతోనే చేస్తారు, నిజమే. కానీ ఎముక అతకడానికి, కుట్లు మానడానికి కావలసిన ముడిసరుకునే కంచంలోంచి తీసేస్తున్నారు.

చేప, గుడ్డు తింటే కుట్టు చీము పట్టదు. సూక్ష్మక్రిములు చేరితే పడుతుంది, షుగరు అదుపులో లేకపోతే ఇంకా త్వరగా పడుతుంది. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాములు, ఒక గ్లాసు పాలలో 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు తీరం నుంచి వచ్చే కానాగంతలు ఖరీదైన ఏ డబ్బాకూ తీసిపోవు. పులుసు పెట్టండి, నూనెలో వేయించకండి. ఎండుచేపలు మాత్రం ఉప్పు వల్ల పక్కన పెట్టాలి. మాంసాహారం తినని ఇంట్లో ముద్దపప్పు, పెసరకట్టు, ఉలవలు, పెరుగు, సెనగలు ఉన్నాయి. చోడి (రాగి) అంబలి కాల్షియానికి మంచిది, ప్రొటీన్‌కు మాత్రం అదొక్కటే చాలదు. మజ్జిగ కలిపి, పక్కన ఒక గుడ్డు పెట్టండి.

ఒక్కసారే కంచం నిండా తినలేకపోతే కొంచెం కొంచెంగా రోజుకు 5, 6 సార్లు పెట్టండి. నోటికి రుచి తెలియకపోవడం కొన్ని వారాలు ఉంటుంది. అప్పటికీ చాలినంత తినలేనివారికి పొడి పనికొస్తుంది, మోతాదు డైటీషియన్ చెప్పాలి. పాలలో కలిపే తీపి మాల్ట్ పొడుల్లో చాలావాటిలో ప్రొటీన్ కన్నా చక్కెరే ఎక్కువ. డబ్బా వెనక పట్టిక చదవండి, ముందున్న బొమ్మ కాదు.

మాది ఉద్దానం. మేము వేరుగా జాగ్రత్తపడాలా?

తప్పకుండా. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. దాని కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కాళ్లు వాచేదాకా ఆ జబ్బు బయటపడకపోవచ్చు. పైగా గుండె ఆపరేషన్ కూడా కొందరి మూత్రపిండాలను కొన్నాళ్లు దెబ్బతీస్తుంది. కాబట్టి క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టే వేగం) చూడకుండా ప్రొటీన్ పొడి, కండల కోసం అమ్మే క్రియాటిన్, మెగ్నీషియం, పొటాషియం ఉన్న ఏ డబ్బానూ ముట్టవద్దు. పైన చెప్పిన ప్రొటీన్ లెక్క కూడా మూత్రపిండాలు బాగున్నవారికే.

కొబ్బరి బొండాం సంగతీ ఇదే. ఇంటి వెనక చెట్టుదే కావచ్చు, కానీ ఒక బొండాం నీళ్లలో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉండవచ్చు. బీపీకి, గుండెకు ఇచ్చే రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వాడేవారిలో పొటాషియం ముందే పెరిగే వీలుంది. మూత్రపిండాలు కూడా బలహీనమైతే గుండె లయ తప్పవచ్చు. 'లో సోడియం' ఉప్పు ప్యాకెట్లలో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది, అదీ ఇదే కోవ. ఒంటినొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు మూత్రపిండాలకూ, గుండెకూ రెండింటికీ చెరుపు.

పరీక్షల కోసం విశాఖ దాకా వెళ్లనక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది.

రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నాం. ఆకుకూరలు పూర్తిగా మానాలా?

మానక్కర్లేదు, ఎగుడుదిగుళ్లు ఉండకూడదు. వార్ఫరిన్, అసినోకూమరాల్ విటమిన్ కె పనిని అడ్డుకొని రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె బాగా ఉంటుంది. వారమంతా ముట్టకుండా ఆదివారం ఒక్కసారి తెలగపిండి మునగాకు కూర కడుపునిండా తింటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) పడిపోవచ్చు. వారానికి ఇన్నిసార్లు, ఇంత కూర అని ఒక పద్ధతి పెట్టుకోండి. డాక్టరు ఆ తిండికి తగ్గట్టు మాత్ర సరిచేస్తారు. మునగాకు పొడి, గోధుమగడ్డి పొడి, స్పైరులీనా మాత్రల వంటి 'సహజ బలం' సరుకులు కొత్తగా మొదలుపెట్టకండి. కొన్ని మల్టీవిటమిన్ మాత్రల్లోనూ విటమిన్ కె ఉంటుంది. ఏది మొదలుపెట్టినా, ఏది ఆపినా వారంలోపు ఐఎన్ఆర్ చూపించుకోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రమే వాడే బైపాస్ రోగులకు ఆకుకూరలపై ఈ నియమం లేదు, హాయిగా తినవచ్చు.

కోఎంజైమ్ క్యూ10 అనే గుళికలు గుండెకు బలమని మా అబ్బాయి హైదరాబాద్ నుంచి పంపాడు. వాడాలా?

దీని గురించి పూర్తిగా తీసిపారేసే మాట చెప్పలేం. గుండె వైఫల్యం ఉన్న 420 మందికి రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన అధ్యయనం 2014లో వెలువడింది. అందులో మేలు కనిపించింది. కానీ అది చిన్న అధ్యయనం, వారు ఆపరేషన్ తర్వాత నీరసపడినవారు కారు. ఖరీదు కూడా ఎక్కువ. పైగా దాని నిర్మాణం విటమిన్ కె ను పోలి ఉంటుంది కనుక వార్ఫరిన్ పనిని తగ్గించవచ్చు. లోహపు వాల్వు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడటం రక్తపు గడ్డను పిలిచి తెచ్చుకోవడమే. అబ్బాయికి అదే డబ్బు రక్తపరీక్షలకు పంపమనండి.

చేపనూనె గుళికలు?

నీరసానికి పనిచేస్తాయనే ఆధారం లేదు. గుండె ఆపరేషన్ చేయించుకున్న 1,516 మందిపై జరిగి 2012లో వెలువడిన ఒపేరా అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పడాన్ని కూడా ఇవి ఆపలేదు. ఎక్కువ మోతాదులో వాడినవారిలో లయ తప్పడం పెరిగిందని తర్వాతి అధ్యయనాలు చూపాయి. చేప తినండి.

విటమిన్ డి, బి12 సంగతేమిటి?

రెండూ మన దగ్గర తరచుగా తక్కువగా ఉండేవే. పరీక్షలో తక్కువని తేలితే పూడ్చాలి. బి12 లోపంలో నీరసంతో పాటు అరికాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు కూడా ఉంటాయి. మాంసాహారం మానేసినవారు, మెట్‌ఫార్మిన్ వాడేవారు ముందుగా చూపించుకోవాలి.

విటమిన్ డి లో జరిగే పొరపాటు వేరు. 60,000 యూనిట్ల గుళిక సాధారణంగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే. కొందరు దాన్ని రోజూ వేసేసుకుంటారు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మళ్లీ నీరసం వస్తాయి. లోపం లేనివారికి దీనివల్ల గుండెకు లాభమూ లేదు. 25,871 మందిపై జరిగిన వైటల్ అధ్యయనంలో గుండెపోట్లు తగ్గలేదని 2018లో తేలింది.

ఆయుర్వేద లేహ్యాలు, తెల్లమద్ది బెరడు, అశ్వగంధ వాడవచ్చా? అవి సహజమే కదా?

సహజమైనది కూడా మందుగా పనిచేస్తే, వాడే మందులతో తగాదా పడుతుంది. తెల్లమద్ది, వెల్లుల్లి గుళికలు, పసుపు గుళికలు రక్తం పలచబరిచే మాత్రలతో కలిస్తే రక్తస్రావం భయం ఉంది. కూరలో వేసే పసుపు, వెల్లుల్లి గురించి కాదు ఈ మాట. అశ్వగంధ థైరాయిడ్‌ను కదిలిస్తుంది, కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. లేహ్యాల్లో బెల్లం, చక్కెర దండిగా ఉంటాయి. సంతలో పొట్లం కట్టి అమ్మే పేరులేని పొడి, భస్మం మాత్రం ఎంత నమ్మకమైన మనిషి ఇచ్చినా వద్దు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం బయటపడ్డాయి.

మాత్రలూ పొడులూ కాకపోతే నీరసం దేనితో తగ్గుతుంది?

నడకతో. ఇంట్లో 5 నిమిషాలతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ, నెలన్నరకు 30 నిమిషాలకు చేరడం చాలామందికి సాధ్యమే. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాటకు ఆయాసం అడ్డొస్తే తగ్గించండి. మన తీరపు ఉక్కపోతలో ఉదయం 7 లోపే నడవాలి. నీటి బకెట్లు, బియ్యం బస్తాలు డాక్టరు సరేననేదాకా ఎత్తకూడదు.

మనసు సంగతి కూడా చూడండి. ఆపరేషన్ తర్వాత దిగులు చాలామందికి వస్తుంది. ఎవరితోనూ మాట్లాడక, టీవీ పెట్టినా చూడక, తెల్లవారుజామునే మేలుకొని కూర్చుంటే అది బద్ధకం కాదు, రక్తం తక్కువై కూడా కాకపోవచ్చు. దానికి వైద్యం ఉంది. మా మామగారు ఇదివరకు ఇలా లేరే అని ఇంట్లోవారే ముందు గుర్తుపట్టగలరు.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

రెండు మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు పెంచాల్సి వచ్చినా ఆ రోజే వెళ్లండి. జ్వరం, చలి, ఛాతీ కుట్టు నుంచి చీము, ఎముక కదిలినట్టు శబ్దం వచ్చినా అంతే. వాల్వు మార్పించుకున్నవారిలో జ్వరాన్ని పారాసిటమాల్‌తో రోజుల తరబడి నెట్టుకురావడం చాలా ప్రమాదం. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం కనిపిస్తే 108కి ఫోను చేయండి.

ఇప్పటికే రెండు డబ్బాలు కొనేశాం. పారేయాలా?

ముందు మూత తీయకండి. 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉందా, గడువు తేదీ ఉందా చూడండి. ఆరోగ్య పూరకాల డబ్బాలపై 'మందుగా వాడటానికి కాదు' అనే అర్థం వచ్చే మాట ముద్రించాలని నిబంధన. అమ్మేవారు నోటితో చెప్పే మాటకూ దీనికీ పొంతన ఉందేమో మీరే చూసుకోండి. తర్వాత డబ్బా వెనక వైపు ఫోనులో ఫోటో తీసి, వాడే మాత్రల చీటీతో కలిపి డాక్టరుకో, డైటీషియన్‌కో చూపించండి. వాడవచ్చంటే వాడండి. వద్దంటే, మూత తీయలేదు కనుక షాపువారు తిరిగి తీసుకుంటారేమో బిల్లు పట్టుకెళ్లి అడగండి. తీసుకోకపోతే పక్కింటి పెద్దాయనకు మాత్రం ఇవ్వకండి, ఆయన క్రియాటినిన్ ఎంతో మీకు తెలియదు.